మా తిండి మేం పండించుకుందామని

పెళ్లయిన నాటి నుంచీ నేనూ మా ఆవిడా ధర్మవరంలో ఒకే గదిలో పట్టుచీరలు నేశాం. ఒక రోజు ఆమె మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి లాక్కుని, "కరివేపాకు గూడా కొనుక్కోని బతుకుతాండాం. యాడన్నా ఇంత నేల చూడు, మన తిండి మనం పండించుకుందాం" అంది. నేను వెంటనే ఒప్పుకున్నాను. నా మోకాళ్లు అంతకు ముందే ఒప్పుకుని ఉన్నాయి.

ఆ తర్వాత తీరిక దొరికితే చాలు, బండి మీద ఊళ్లు తిరిగేవాళ్లం. నేను బోరు లోతు, మట్టి రంగు, రోడ్డు దూరం విచారించేవాణ్ణి. ఆమె మాత్రం వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి పోయి ఒకటే అడిగేది: "అంగట్లో ఏమేం కొంటారు మీరు?"

కనగానపల్లి దగ్గర నేల బాగుంది, బోర్లలో నీళ్లు లేవు. హిందూపురం వైపు నీళ్లున్నాయి గానీ, అక్కడి ఆడవాళ్లు అన్నీ కొంటామన్నారు. "అందరమూ ఫ్యాక్టరీకి పోతాం. పండించేకి టైం యాడుండాది?" అంది ఒకామె.

పెనుకొండ దగ్గర కొండ కింద ఒక చేను నాకు తెగ నచ్చింది. ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో కూడా అనుకున్నాను. చేను గలాయన నిదానంగా, "సీతాఫలాల కాలంలో ఎలుగుబంటి వస్తాదప్పా. దాని పాటికి అది తిని పోతాది" అన్నాడు. మా ఆవిడ అప్పటికే బండెక్కి కూర్చుంది.

చివరికి కొత్తచెరువు దగ్గర ఒక అవ్వ శనక్కాయలు పీకుతూ కనబడింది. మా ఆవిడ ప్రశ్నకు, "ఉప్పు, టీ పొడి, సబ్బు. పండగొస్తే బెల్లం" అని చెప్పి, ఎదురు ప్రశ్న వేసింది.

"మీకేం పని వస్తాది?"

"చీరలు నేస్తాం."

"అయితే వంగేది అలవాటే. రాండి, పీకండి."

పొద్దువాలే దాకా పీకాం. అవ్వ సంగటి, చట్నీ పెట్టి, "నా చేని పక్కన బీడుండాది, కౌలుకు తీసుకోండి. అడవిపందులను నేనొక్కదాన్నే తరమలేకుండా ఉండా" అంది. మా ఆవిడ నా వైపు చూడకుండానే సరేనంది.

బీడు పక్కనే రేకుల గది వేసుకుని, మగ్గాన్నీ అక్కడికే తెచ్చుకున్నాం. మొదటి ఏడు వాన మొహం చాటేసింది. శనక్కాయ ఎండిపోయింది, ఉలవలు మాత్రం పండాయి. ఆ ఏడంతా అన్నంలోకి ఉలవకట్టే పోసుకుని తిన్నాం. బియ్యం, నూనె కొన్నాం, దాచేదేముంది. పొద్దున చేను, మధ్యాహ్నం మగ్గం. మా ఆవిడ నల్లబడింది, గట్టిగా నవ్వడం నేర్చింది. ఒంటరిగా ఉన్నప్పుడు నాకూ ఎందుకో కూనిరాగాలు వస్తున్నాయి.

ఈ ఏడు కందికి పూత బాగా పట్టింది. గట్టు మీద నిలబడి చూసిన అవ్వ మమ్మల్ని మెచ్చుకోలేదు గానీ, కలుపు గురించి తిట్టడం తగ్గించింది.