సర్వేకు వెళ్లి నేనే జవాబులు చెప్పి వచ్చాను

కుటుంబాల్లో మరణాలు, ఆ తర్వాత మిగిలినవాళ్ల దుఃఖం. పన్నెండేళ్లుగా ఇదే నా పరిశోధన. అందుకే ఎవరినీ నొప్పించకుండా ప్రశ్న అడగడం నాకు బాగా వచ్చని ఒక గొప్ప నమ్మకం.

ఈ రోజు పొద్దున జూలూరుపాడు దాటి, అడవి అంచున ఉన్న ఒక గూడెంలో లచ్చమ్మ అనే పెద్దావిడ ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. ట్యాబ్‌లో సర్వే ఫారం తెరిచి, గొంతు మెత్తగా చేసుకుని, "ఈ మధ్య మీ ఇంట్లో ఎవరైనా చనిపోయారా అమ్మా?" అని అడిగాను.

"మా ఇంటాయన పోయిండు. మరి మీ ఇంట్ల?"

ఈ ప్రశ్న మా శిక్షణలో లేదు. "పోయిన ఏడాది మా అమ్మ," అన్నాను.

"ఏడ్సినవా బిడ్డా?"

"తీరిక దొరకలేదు. అప్పుడొక వ్యాసం రాస్తున్నా."

"దేని మీద?"

"మనుషులు ఎట్లా దుఃఖపడతారో... దాని మీద."

లచ్చమ్మ పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. ఆమె నా పక్కన కూర్చుని, "మీ అమ్మ ఏ కూర మంచిగ వండేది? ఆఖరికి నీతోని ఏమన్నది?" అని ఒక్కొక్కటే అడిగింది. గంటసేపు అన్నిటికీ జవాబు చెప్పాను.

ఖమ్మం తిరిగొచ్చి ఫారం చూసుకుంటే అంతా ఖాళీ. ఆమె భర్త పేరు కూడా అడగలేదు. రేపు మళ్లీ వెళ్తున్నాను.

ఇలా ఆలస్యంగా ఏడ్చినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? సర్వే కోసం కాదు, తోడు కోసం అడుగుతున్నాను.