ఫలానావారి తల్లి

మొన్న ఓటర్ల జాబితా సరిచూడడానికి ఒకమ్మాయి వచ్చి గుమ్మంలోంచి మా కోడలిని పేరు పెట్టి పిలిస్తే, కోడలు "హా, మై హీ హూఁ", నేనే అంటూ వచ్చి సంతకం పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నిమిషం కూడా పట్టలేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. నా ఈడువాళ్లకైతేనే అర్థమయ్యే రోత ఇది, అందుకే చెబుతున్నాను.

దేశంలో మొట్టమొదటి ఎన్నికల కోసం జాబితాలు రాసే రోజుల్లో మన రాయపూర్ పాలనంతా నాగపూర్ నుంచి జరిగేది. రైల్వేలో పనిచేస్తూ నాన్న పోయాక, స్టేషన్ వెనక రెండు గదుల్లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. హిందీ రాయడమూ తెలుగు మాట్లాడడమూ వచ్చు గనక, తెలుగు రైల్వేవాళ్ల ఇళ్లు తిరిగి పేర్లు రాసే టెంపరరీ గుమాస్తా పని నాకిచ్చారు. ఓటుకి ఇరవై ఒక్కేళ్లు నిండాలి, నాకేమో పద్దెనిమిది.

ఎలా రాశానో తలుచుకుంటే నా చేతులంటే నాకే అసహ్యం. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు, పరాయి మగాడికి తమ పేరు చెప్పరు అని ఆచారం వంక పెట్టి, గడప బయటే నిలబడి, ఇంటి మగవాణ్ణే అడిగి ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాసుకుపోయాను. పని తొందరగా తెమిలేది, పైగా మగవాళ్లు బుద్ధిమంతుడని మెచ్చుకుని చాయ్ ఇచ్చేవారు. మా ఇల్లొచ్చేసరికి అమ్మ లోపల వంట చేస్తోంది. పిలవనైనా పిలవకుండా నా పేరు రాసి, పక్కన తల్లి అని రాశాను. ఓటే లేని నా పేరు సర్కారు కాగితం మీద చూసుకుని మురిసిపోయాను కూడా, సిగ్గుమాలినవాణ్ణి.

కొన్నాళ్లకి పైనుంచి హుకుం వచ్చింది, పేర్లు లేని ఆడవాళ్లను కొట్టేస్తారట, వెళ్లి పేర్లు తెమ్మని. మళ్లీ తిరిగాను. ఆడాళ్ల పేర్లతో సర్కారుకేం పని అని మగవాళ్లు నవ్వితే, నేనూ వాళ్లతో నవ్వి వట్టి చేతులతో తిరిగొచ్చాను. అమ్మ పేరైనా నాకు తెలుసు గదా అంటారేమో. ఆఫీసులో పాన్ నములుతున్న నలుగురు మగవాళ్ల మధ్య మా హెడ్ గుమాస్తా పెద్ద బాబు అడిగితే, అమ్మ పేరు పైకి పలకడం నామోషీ అనిపించి నోరు మూసుకున్నాను. ఆ వరస మీద ఎర్రసిరా గీత పడింది. ఇంటికెళ్లి ఆ సంగతి చెప్పనూ లేదు.

అమ్మేమో వ్రతానికి సిద్ధపడినట్టు ఓటుకి సిద్ధపడింది. మాది అప్పట్లో పక్క జిల్లాలతో కలిపి ఇద్దరు సభ్యుల్ని ఎన్నుకునే పార్లమెంటు నియోజకవర్గం. మనిషికి రెండు చీట్లు, ఒక్కో అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కో డబ్బా, రెండు చీట్లూ ఒకే డబ్బాలో వేయకూడదు. ఎక్కడ పొరపడుతుందోనని అమ్మ రోజూ రెండు చింతగింజలు తీసుకుని ఒకటి పప్పు డబ్బాలో, ఒకటి ఉప్పు జాడీలో వేసి చూసుకునేది. అది చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు.

ఓట్ల రోజు ఉతికిన తెల్లచీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఎండలో వరసలో నిలబడింది. లోపల అధికారి అడగ్గానే, ఆచారమూ లేదు, తడబాటూ లేదు, తన పేరు స్పష్టంగా చెప్పింది. ఆయన కాగితాలు తిప్పి "నహీ హై, మాయీ" అన్నాడు, జాబితాలో పేరు లేదని. "పేరు సెప్తన్నాను గదా బాబూ, సరిగ్గా సూడండి" అని మూడుసార్లు చెప్పింది. తర్వాత నా మొహం చూసి గ్రహించింది.

"రాసింది నువ్వే గదరా. నన్నడిగితే సెప్పనేటి?"

అమ్మ మళ్లీ ఎన్నికలు రాకముందే పోయింది. బతుకంతటిలో ఒక్క ఓటూ వెయ్యలేదు.

ఇప్పుడు రాయపూర్ సొంత పేరుతోనే నియోజకవర్గమైంది, ఏ ఏడు ఎవరు గెలిచారో మనవలు ఫోను చూసి గడగడా చెప్పేస్తారు. ఆ మొదటి ఎన్నికలో మన వీధి ఆడవాళ్ల ఓట్లు ఎందుకు లేవని ఎవరైనా అడిగితే, ఆ కాలపు ఆడవాళ్లకి సిగ్గెక్కువ, పేర్లు చెప్పలేదు అని మనలాంటి ముసలివాళ్లే జవాబిస్తుంటారు. వింటే ఒళ్లు మండుతుంది. వాళ్లు చెప్పకపోవడమేమిటి, నేనడగలేదు.