మా గేదె చేపని రెండు రోజులు

ఆ మే నెలలో సూర్యుడు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీ దిగి, తిన్నగా జగ్గయ్యపేట వచ్చి, ఊళ్లో ఇంకెవరి ఇల్లూ దొరకనట్టు మా ఇంట్లోనే మకాం పెట్టాడు. హైవే మీద కరిగిన తారుకి అతుక్కున్న చెప్పుల్ని జనం అక్కడే వదిలేసి పరిగెత్తేవారు. కాకి ఒక ‘కా’ అనేసి, రెండోదానికి ఓపిక లేక ఊరుకునేది. మా బల్లి మంచినీళ్ల కుండని కౌగిలించుకుని ఉండేది. నేను గ్లాసు ముంచబోతే, పరాయివాడు ఇంట్లోకి వచ్చినట్టు చూసేది.

నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. చెమట గురించి పాతికేళ్లుగా పాఠం చెబుతున్నాను. చెమట ఆవిరైతే ఒళ్లు చల్లబడుతుంది. గేదెకి చెమట తక్కువ, తోలు నలుపు, అందుకని నీళ్లలో పడుకుంటుంది. పిల్లలు రాసేవాళ్లు, నేను మార్కులు వేసేవాణ్ణి. ఆ ముక్కతో అంతకుమించి ఎవరికీ పనిపడలేదు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం గేదెకి మేత వేసొచ్చి మా ఆవిడ వాకిట్లో కూలబడింది. వడదెబ్బ. ఒళ్లు పెనంలా ఉంది, దోసె వేస్తే కాలేది. డాక్టరు సెలైను ఎక్కించి, నాలుగు రోజులు గడప దాటవద్దన్నాడు. ఆవిడ కళ్లు తెరిచి నన్ను అడిగిన మొదటి ప్రశ్న తన గురించి కాదు, నా గురించి అసలే కాదు.

“ఏమండీ, గేదె పాలో?”

అదీ చిక్కు. ఈనేటప్పుడే దూడ పోయింది. అప్పట్నుంచీ ఆ గేదె మా ఆవిడ కూర్చుంటేనే చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు వదులుతుంది. ఆ సాయంత్రం నేను కూర్చుంటే ఒక్క తాపు తన్నింది. బకెట్టు పక్కింటి గోడ దాటి, వాళ్ల డాబా మీద ఆరబెట్టిన వడియాల్లో దిగింది. మర్నాటికి పొదుగు రాయిలా గట్టిపడింది. గేదె నాలుక బయటపెట్టి రొప్పుతోంది. పశువుల డాక్టరు నొక్కి చూసి, “ఈ సాయంత్రమన్నా చేపకపోతే కష్టం మాస్టారూ, వాపొచ్చుద్ది, ఇక వట్టిపోయినట్టే” అన్నాడు. లోపల్నుంచి మా ఆవిడ ఏడుపు వినిపించింది. పెళ్లిలో కూడా అంత ఏడవలేదు.

నందిగామలో మా అత్తగారికి ఫోన్ చేశాను. ఆవిడ ఎన్నో గేదెల్ని లొంగదీసిన మనిషి.

“దానికేముంది అల్లుడుగారూ, మా అమ్మాయి నైటీ ఏసుకుని కూచోండి. వాసన చూసి అమ్మాయే అనుకుంటది. ఇక్కడ మగాళ్లందరూ చేసే పనే.”

నేను బీరువా తీసి, ఇస్త్రీ చేసిన గులాబీ పూల నైటీ తొడుక్కుని, పెళ్లికొడుకులా కొట్టంలోకి నడిచాను. గేదె ఒక్కసారి వాసన చూసింది. సబ్బు, కలరా ఉండలు. నన్ను కొమ్ముల నుంచి గిట్టల దాకా, అంటే నాకున్నంత మేరకు, పరికించింది. మళ్లీ తాపు.

గోడ అవతల పక్కింటాయన తల పైకి లేచింది. ముక్త్యాల సిమెంటు లారీ తోలతాడు. “గులాబీలు మీకు బానే నప్పినయ్ మాస్టారూ! ఈసారి బకెట్టు ఎగిరితే ముందే హారన్ కొట్టండి!”

మధ్యాహ్నం బస్సుకి అత్తగారు దిగారు. మోకాళ్లు వంగవు కాబట్టి కూర్చుని పిండలేరు. కర్రతో పాటు నోరు మాత్రం తెచ్చుకున్నారు.

“ఉతికింది ఏసుకున్నారా? పాతికేళ్లు ఏం పాఠాలు చెప్పారండీ పిల్లలకి? మాసింది కావాలి, మాసింది!”

విడిచిన బట్టల్లోంచి నిన్నటి నైటీ లాగి నాకు తొడిగారు. గేదె నా భుజం దగ్గర ముక్కు పెట్టింది. చెవులు వాల్చింది. నా ప్రాణం లేచొచ్చింది. పొదుగు మీద నీళ్లు కొట్టి చెయ్యి వేశానో లేదో, నా ఒంట్లోంచి చెమట పాలేరు వాగు వరదలా బయల్దేరింది. గాలి ఆడితేగా ఆరడానికి! మా ఆవిడ వాసన ఒక్క నిమిషం నిలబడింది. రెండో నిమిషంలో నా వాసన వచ్చి దాన్ని మెడపట్టి గెంటేసింది. గేదె వెనక్కి తిరిగి చూసింది. నేను తప్పుకున్నాను, బకెట్టు తప్పుకోలేదు.

“చెమట పట్టకుండా కూచోలేరా?”

“అది నా చేతిలో లేదండీ, చర్మం...”

“ఆపండి మీ సైన్సు!”

“కూలరు దానికి పెట్టండి,” అని లోపల్నుంచి మా ఆవిడ నీరసంగా కేకేసింది. ఉన్న ఒక్క కూలర్నీ మంచం దగ్గర్నుంచి కొట్టంలోకి ఈడ్చాను. స్విచ్ వేశాను. కరెంటు పోయింది.

సాయంత్రం అయిదవుతుంటే కృష్ణ వైపు నుంచి నల్లగా ఏదో లేచింది. ముందు దుమ్ము, తరవాత గాలి, ఆ వెనక చింతకాయలంత చినుకులు. అత్తగారు “స్తోత్రం ప్రభువా!” అని చేతులెత్తారు. నేను పలుపు విప్పి గేదెని వానలోకి తోశాను. దాని వీపు మీద నుంచి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి లేచింది. రొప్పు తగ్గింది. కళ్లు మూసుకుంది. నాలుక లోపలికి పోయింది. నేనూ తడిసి ముద్దయి, చెమటా వాసనా అన్నీ కొట్టుకుపోయి, ఎవరి మనిషినీ కానట్టు నైటీ పైకి దోపుకుని కూర్చున్నాను.

వేళ్ల కింద పొదుగు మెత్తబడింది. ఒక ధార. ఇంకో ధార. చుయ్యిమంటూ బకెట్టు పాడింది.

“వస్తున్నాయే! వస్తున్నాయి!” అని అరిచాను. నా కేక కోదాడ దాకా వినపడి ఉంటుంది.

కిటికీ తెరుచుకుంది. వడదెబ్బ తగిలాక మొదటిసారి మా ఆవిడ లేచి కూర్చుంది. ఊచలు పట్టుకుని ఒకటే నవ్వు.

“నురుగుందా, లేకపోతే అంతా వాన నీళ్లేనా?”

“ఉంది! బోలెడు నురుగు!”

అత్తగారు కర్ర ఊతంగా బురదలోకి దిగి గొడుగు తెచ్చారు. కృతజ్ఞతతో తల వంచాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి, దాన్ని బకెట్టు మీద పట్టారు.