వంటింటి గడప నుంచి కొలిచి కొన్న టీవీ

మా చిన్నప్పుడు... పెద్దాపురం దగ్గర మా ఊళ్ళోకి తోలుబొమ్మలాట వచ్చిందంటే, ఊరంతా చాపలు పట్టుకొచ్చి తెల్లటి తెర ముందు కూర్చునేది. మా అమ్మ మాత్రం మా వీధి తలుపు వెనకాలే నిలబడేది. మామగారు అరుగు మీద ఉండగా కోడలు బయటికి రాకూడదు మరి...

తలుపు సందులోంచి ఆవిడకు కనిపించేది తెర మీది వెలుగొక్కటే. నేనేమో తెర దగ్గరికీ తలుపు దగ్గరికీ ఒకటే పరుగులు. "ఏమైందే?" అనేది. "రాక్షసుడు బోర్లా పడ్డాడమ్మా!" అనేదాన్ని. ఊరంతా నవ్వడం అయిపోయాక, అప్పుడు నవ్వేది మా అమ్మ...

పాపం, ఆటంతా నా నోటితో విన్నదే గానీ, ఒక్కసారైనా కళ్ళారా చూడకుండానే పోయింది.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మా అబ్బాయి మొన్న కూడా చుట్టాల ముందు "మా అమ్మ గొప్పకి పోయి పెద్ద టీవీ కొనిపించింది" అన్నాడు. నాకు అక్షరం ముక్క రాదు. అందుకే మనవరాలిని కూర్చోబెట్టి రాయిస్తున్నాను... న్యాయం మీరే చెప్పండి.

టీవీలకు వెనకాల ఇంత మూపురం ఉండే రోజులవి. మా పాత టీవీ చిన్నది. కేబుల్ వైరు వచ్చేది వీధి వైపు కాబట్టి హాల్లో ఆ గోడకే పెట్టేవాళ్ళం. ఎదురుగా పడక కుర్చీలో మా ఆయన. ఆయన ముందు మా కోడలు సత్యవతి కూర్చోదు. వద్దన్నా వినదు, ఆ పిల్ల పద్ధతి అది. సీరియల్ వచ్చే వేళకి చేతిలో అట్లకాడతో వంటింటి గడప దగ్గర నిలబడేది. అక్కడికి బొమ్మ ఆనదు. "ఏమైందే?" అని కూతుర్ని అడిగేది. ఇదిగో, ఇప్పుడు రాస్తున్న ఈ పిల్లే అప్పుడు పరిగెత్తి చెప్పొచ్చేది...

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ తలుపు చాటు గుర్తొచ్చేది.

కొత్త టీవీకి కాకినాడ వెళ్దామనుకున్న రోజు, టీవీ గోడ నుంచి వంటింటి గడప దాకా పురికొస పట్టి కొలిచి, చుట్ట చుట్టి బొడ్లో దోపుకున్నాను.

కొట్లో మా అబ్బాయి టీవీకి ముక్కు ఆనించి చూసి, "ఇరవై ఒక్క అంగుళాలది మనకి బ్రహ్మాండంగా సరిపోద్దమ్మా" అన్నాడు. నేను పురికొస తీశాను.

"ఇదేంటమ్మా, గేదెని కొనడానికొచ్చామా?"

"గేదెనైనా పితికేవాళ్ళు చూసి కొంటార్రా, తాగేవాళ్ళు కాదు!"

కొస ఒకటి కొట్టాయన చేతికిచ్చి, "టీవీ దగ్గర పట్టుకోండి బాబూ" అని వెనక్కి నడిచాను. మిక్సీలు దాటాను, ఫ్యాన్లు దాటాను, గుమ్మం దాటి మెట్ల మీదకొస్తే గానీ తాడు బిగియలేదు. వెనకాల ఆటోవాళ్ళ హారన్లు...

"పడిపోతారండీ అమ్మగారూ!" అంటున్నాడు కొట్టాయన.

అక్కడి నుంచి చూస్తే చిన్న టీవీలో మనిషి మొహం చింతపిక్కంత. ఏడుస్తోందో నవ్వుతోందో తెలిస్తే ఒట్టు. పక్కనున్న ఇరవై తొమ్మిది అంగుళాల దాంట్లో మాత్రం కంట్లో నీటి చుక్క కూడా కనబడింది.

"అదీ... అది కట్టించండి!" అని మెట్ల మీద నుంచే కేకేశాను.

"హాలుకి నప్పదే అమ్మా, మనం కూర్చునేది దగ్గరేగా!"

"నువ్వు కూర్చుంటావురా. నీ పెళ్ళాం ఎక్కడ నిలబడుద్దో ఎప్పుడైనా చూశావా?"

వాడు జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టడం మొదలెట్టాడు.

ఆ సాయంత్రం కొత్త టీవీలో ఏదో తమాషా వచ్చింది. అందరం గొల్లుమన్నాం. అలవాటు కొద్దీ మనవరాలు చెప్పడానికి లేచింది... లేచి, అలాగే ఆగిపోయింది. వంటింటి గడప దగ్గర నుంచి మాతోపాటే, ఆ క్షణంలోనే, సత్యవతి నవ్వు వినబడింది.

మనవరాలు మళ్ళీ కూర్చుంది. నేను పైట కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నాను... మసక అద్దాలకి కాదనుకోండి.

ఇప్పుడు గోడకి అంతకన్నా పెద్దది వేలాడుతోంది. దాని ఎదురుగా కూర్చుని ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటారు. ఒకళ్ళు నవ్వితే "ఏమైందే?" అని అడిగేవాళ్ళు లేరు, పరిగెత్తుకొచ్చి చెప్పేవాళ్ళూ లేరు...

గొప్పకి కాదురా అబ్బాయ్, విన్నావా?

మీ ఇంట్లో తలుపు చాటు నుంచి, వంటింటి గడప నుంచి చూసినవాళ్ళెవరు? కాస్త చెప్పండి... మా మనవరాలు చదివి వినిపిస్తుంది.