అక్క మొక్కిన పొట్టేలు, నేను తోసేసిన కంచం

ముందే ఒప్పుకుంటాను. నా ఆరోగ్యం కోసం మొక్కి కోసిన పొట్టేలు కూరను, వండిన మనిషి ముందే, బంధువులందరూ చూస్తుండగా పక్కకు తోసేశాను. తోసేసి ఊరుకోక ఒక మాట కూడా అన్నాను. ఆ మాట ఎక్కడిదాకా పోయిందో తెలియాలంటే ప్రయాణం మొదటినుంచీ చెప్పాలి.

నేను నల్గొండలో దస్తావేజులు రాస్తాను. పాతికేళ్లుగా పొద్దంతా కుర్చీలోనే. నిరుడు ఎండాకాలంలో కళ్లు తిరిగి పడిపోతే దవాఖానలో వారం ఉంచారు. షుగర్ అన్నారు. అన్నం తగ్గించమని, రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పింది. కొల్లాపూర్ దగ్గరి పల్లెలో ఉండే మా పెద్దక్క అప్పుడే మొక్కుకుంది, నేను లేచి తిరిగితే మైసమ్మకు పొట్టేలును ఇస్తానని. వాళ్లది గొర్ల మంద ఉన్న ఇల్లు. ఆ ఏడు పుట్టిన పిల్లల్లో మంచిదాన్ని ఏరి నా పేరు మీద పెంచింది. ఆదివారం మొక్కు తీరుస్తున్నాం, రమ్మని ఫోన్ చేసింది.

ఉదయం ఆరు గంటలకు దేవరకొండ బస్సెక్కాను. కొల్లాపూర్‌కు నేరుగా బస్సు కోసం నిలబడితే పుణ్యకాలం గడిచిపోతుంది. దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్‌లలో మారుతూ పోవడమే మేలు. సంచిలో ఒక డబ్బా, అందులో రెండు జొన్నరొట్టెలు, కీరదోస ముక్కలు ఉన్నాయి. దారిలో బయటి తిండి ముట్టనని ఇంట్లో గొప్పగా చెప్పి మరీ బయలుదేరాను.

పక్క సీట్లో పెద్దమ్మ నా డబ్బా చూసి, "షుగరా బిడ్డా? మెంతులు నానవెట్టుకోని తాగు" అంది.

"మెంతులతోని ఏమైతది? కాకరకాయ రసం తాగాలె" అన్నాడు వెనక సీటాయన.

కండక్టరమ్మ టికెట్ ఇస్తూ, "గీళ్ల మాట ఇనకు సార్. పొద్దుగాల లేశి నడువు, గంతే" అని తేల్చేసింది. నడుస్తున్నానమ్మా అని రెండుసార్లు చెప్పాను. వినిపించుకున్నవాళ్లు లేరు. దేవరకొండ చేరేలోపు నాకు ఏడు రకాల కషాయాలు తెలిశాయి, తలనొప్పి మొదలైంది.

దిగేసరికి పావు తక్కువ ఎనిమిది. కల్వకుర్తి బస్సుకు అరగంట ఉంది. బస్టాండు బయట బండి మీద మైసూర్ బజ్జీలు అప్పుడే నూనెలోంచి తీస్తున్నారు. ఒక ప్లేటు తిన్నాను. ఇంకో ప్లేటు తిన్నాను. పైన చక్కెర టీ తాగాను. రొట్టెలు సంచిలోనే ఉన్నాయి.

కల్వకుర్తి దాకా నన్ను నేను తిట్టుకున్నాను. నాగర్‌కర్నూల్ దాకా ఆ బజ్జీల బండివాణ్ని తిట్టుకున్నాను. ఒంటిగంటకు కొల్లాపూర్‌లో దిగి పల్లెకు ఆటో మాట్లాడుకునేసరికి ఒక నిర్ణయానికి వచ్చాను. పొద్దున తిన్నదానికి శిక్షగా అక్క ఇంట్లో ఏమీ తినకూడదు.

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరి పేరున మొక్కు కోస్తే వాళ్లు మొదటి ముద్ద తినాలి. ఆ తర్వాతే మొక్కినవాళ్లు ఉపవాసం విడుస్తారు. నాకు చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతే. శిక్ష వేసుకునే హడావుడిలో అది గుర్తు చేసుకోలేదు.

రెండు గంటలకు పంక్తి కూర్చుంది. నా ఎదురుగా అక్క వియ్యపురాలు, అంటే మా మేనకోడలి అత్త. పక్క ఊరు నుంచి భర్తతో కలిసి వచ్చింది. అక్క నా కంచంలో కూర వేసింది.

"తిను తమ్మీ. నీ పేరు మీద పెంచిన."

"నాకొద్దక్కా."

"ఒక్క ముద్ద. ఏం గాదు."

"ఏం గాదు, ఏం గాదనుకుంట చిన్నప్పటి సంది కుక్కి కుక్కి పెట్టినవ్. నాకీ రోగం తెచ్చిందే నువ్వు!" అని కంచం తోసేశాను.

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వియ్యపురాలు ముద్ద కంచంలో వదిలేసి లేచింది. "గంత మాటన్నంక మాకెట్ల మింగుడు పడుతది వదినె?" అని భర్తను లేపుకుని వెళ్లిపోయింది. కూతుర్ని ఇచ్చిన ఇంటివాళ్లు అక్క ఇంట్లోంచి తినకుండా వెళ్లడం అదే మొదటిసారి.

ఇంట్లో ఉండలేక నాలుగింటికి నడక పేరు చెప్పి బయటపడ్డాను. ఊరి బయట బావ మందతో ఎదురయ్యాడు. మొక్కు ఉన్నా గొర్లకు మేత ఆగదు కదా.

"ఎంత నడిచినవ్ బామ్మర్దీ?"

ఫోన్ చూసి చెప్పాను. "నాలుగు వేల అడుగులు బావా."

"మా గొర్లు దినాం గంతకు పదింతలు నడుస్తయి. ఒక్కటి గూడ చెప్పుకోదు." కర్ర మీద గడ్డం ఆనించి నన్ను చూశాడు. "మీ అక్క పొద్దుగాల సంది మంచినీళ్లు గూడ ముట్టలే. నువ్వు తినందాక ముట్టదు. జర ఇంటికి పో."

నేను పరుగెత్తి చాలా ఏళ్లయింది. ఆ సాయంత్రం పరుగెత్తాను.

అక్క వెనక వాకిట్లో గిన్నెలు తోముతోంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఒక్క ముద్ద పెట్టక్కా."

"వద్దు. రోగమొస్తది."

"పొద్దుగాల దేవరకొండల మైసూర్ బజ్జీలు తిన్న. రెండు ప్లేట్లు. నా మీది కోపం నీ మీద తీసిన."

చేతిలో గిన్నె ఆగింది. "రెండు ప్లేట్లా?"

"రెండు."

"నా పొట్టేలు కన్న గవి ఎక్కువైనయా నీకు?"

అక్క చేతులు కడుక్కుని వచ్చి సగం జొన్నరొట్టె, ఒక ముక్క పెట్టింది. నేను మింగేదాకా చూసి, చెంబెత్తి గటగటా తాగింది. సగం నీళ్లు చీర మీద పడ్డాయి.

మర్నాడు ఆరింటికి కూర టిఫిన్ క్యారియర్‌లో పెట్టించుకుని వియ్యంకుల ఊరికి నడిచాను. నాలుగు కిలోమీటర్లు. నల్లా దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు.

"ఏం మరిదీ, నడకకొచ్చినవా, మా కోసమొచ్చినవా?" అంది వియ్యపురాలు.

"మీ కోసమే వదినె. నిన్న మా అక్కను అన్నది తప్పు. నా రోగం ఆమె పెట్టిందానితోని రాలే, నా నోటితోనే వచ్చింది." అందరికీ వినపడేలానే చెప్పాను.

ఆమె క్యారియర్ అందుకుని ఇంట్లోకి వెళ్లింది. కాసేపటికి లోపల్నుంచి ఫోన్లో మాటలు వినిపించాయి. "వదినె, కూర అందింది. ఉప్పు జర ఎక్కువైంది గని, తింటున్నం."

పదకొండు గంటల బస్సుకు బయలుదేరాను. అక్క ఆటో దాకా వచ్చింది. "దినాం ఏం తిన్నవో పొద్దుమూకి ఫోన్ చేసి చెప్పు. అబద్ధమాడితే ఇంకో పొట్టేలును మొక్కాల్సొస్తది నాకు" అంది. నవ్వలేదు.

కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. ఏడాదిగా అన్నం తగ్గించాను, నడక నేర్చుకున్నాను. చేసినదాన్ని చేసినట్టు చెప్పడం మాత్రం నేర్చుకోలేదు. కల్వకుర్తిలో బస్సు మారేటప్పుడు ఫోన్ తీశాను. పొద్దుమూకేదాకా ఆగితే మాట మార్చేస్తానని నాకు తెలుసు.

"అక్కా, చాయ్ తాగిన."

"చక్కెరదా?"

"చక్కెరదే."

"ఒక్కటేనా?"

"రెండు."

"సరే" అంది. "రేపు ఒక్కటి తాగు."