రుమాలు వేసిన దాదా

ప్రతిదానికీ పోట్లాడతానని మా ఆఫీసులో నన్ను చాటుగా "దాదా" అనేవారు. ఆ అవమానం నేను మరిచిపోలేదు.

2004 ఎండాకాలంలో పాల్వంచలో భద్రాచలం బస్సెక్కాను. కిటికీలోంచి రుమాలు వేసి పట్టుకున్న నా సీట్లో ఒకాయన కూర్చున్నాడు. గొడవకు దిగాను.

"రుమాలేస్తే సీటు నీదైతదా?" అన్నాడాయన.

వెనక సీట్లోని కోయ ఆవిడ అందుకుంది. "అవ్, అయితది. దాదా ఏస్తుంటే నేను జూసిన. లెవ్వు!"

ఆయన గొణుగుతూ లేచాడు. గెలిచినా నాకు మండింది. "నేను రౌడీలా ఉన్నానా?" అన్నాను.

"గదేంది దాదా! మా కోయ మాటల దాదా అంటే అన్న."

"మాకూ అన్నే," అన్నాడు సారపాక మిల్లుకు వెళ్తున్న బెంగాలీ.

"హిందీల తాత," అని కండక్టర్ నవ్వాడు.

తిరిగొచ్చాక ఆఫీసులో ఎవరో "దాదా వచ్చాడు" అని గుసగుసలాడారు.

"వచ్చాను తమ్ముడూ," అన్నాను గట్టిగా. మళ్లీ ఎవరూ అనలేదు.