స్టేడియంలో నేను పీకిన వైరు

ఆరేళ్ళుగా ఒక తప్పును మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మోస్తూ నవ్వుకుంటున్నాను కూడా, అదే చిక్కు. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆ వెంటనే సిగ్గేస్తుంది. పేరు చెప్పను. బెంగళూరులో మైకులు, స్పీకర్లు అద్దెకిచ్చే అంగడిలో పనిచేస్తానని తెలిస్తే చాలు మీకు.

మా ఊళ్ళో పొరుగు దేశాల అమ్మాయిల ఫుట్‌బాల్ పోటీ జరిగింది. అందరూ పదిహేడేళ్ళ లోపువాళ్ళే. మొదటి ఆట మనకూ నేపాల్‌కూ. సౌండు పని మా అంగడికి వచ్చింది. వైర్లన్నీ వేసింది నరసింహన్న. అప్పటికి ముప్పై ఏళ్ళుగా ఆయనకదే పని; ఆయన బిగించిన వైరు ఊడిందని ఎవరూ అనగా వినలేదు. జాతీయ గీతాలు వేయడం నా వంతు.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఎక్కడ మైకు పెట్టినా మొదట వినాయకుడి పాట మోగాలి. పొద్దున ఆ పాట కోసం గీతాలున్న పెన్‌డ్రైవ్ తీసి, భక్తి పాటలది పెట్టాను. తీసినదాన్ని పోకూడదని భద్రంగా స్కూటర్ డిక్కీలో వేశాను. మన గీతం ల్యాప్‌టాప్‌లో ఉంది. నేపాల్‌ది ఎక్కించానా? ఎక్కించాననే అనుకున్నాను.

అమ్మాయిలు వరుసగా నిలబడ్డారు. నేపాల్ గీతమని ప్రకటించారు. వెతికాను. లేదు. పోటీ నిర్వాహకుడు గబగబా మెట్లెక్కి మా సౌండు గదివైపు వస్తున్నాడు. అప్పుడు నా చెయ్యి చేసిన పని... నా చెయ్యి అంటున్నాను చూడండి, ఇంకా తప్పించుకోవాలనే. నేను చేసిన పని. పాట లేదని బయటపడకుండా, సౌండు మిక్సర్ వెనకనున్న పెద్ద వైరు పీకేశాను.

కింద అమ్మాయిలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత నేపాల్ గోల్‌కీపర్, జట్టులోకెల్లా పొట్టిపిల్ల, తనే పాట ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. ఒకరి శ్రుతి ఒకరికి కలవలేదు, అయినా ఎంత బాగుందో! పాట అయ్యేసరికి స్టేడియమంతా చప్పట్లు. మన అమ్మాయిలు వరుస తప్పి వెళ్ళి వాళ్ళను కౌగిలించుకున్నారు. వైరు చేతిలో పట్టుకుని నేనూ ఏడుస్తూ నవ్వాను. ఆ తర్వాత దాన్ని మళ్ళీ గుచ్చాను. మన గీతం నిక్షేపంగా మోగింది.

నరసింహన్న పరుగున వచ్చాడు.

"ఏమైందప్పా?"

"వైరు ఊడిందన్నా."

"నేనే బిగిచ్చినా కదప్పా. గట్టిగానే ఉండె."

"వయసైంది కదన్నా. చెయ్యి వణికుంటాది."

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు.

నిర్వాహకుడు మమ్మల్ని తిట్టనైనా లేదు. కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయాడు. మరి నేనా మాట ఎందుకన్నాను? వైరు పీకింది భయంతో అనుకుందాం. ఈ మాట?

ఆ రోజు నుంచి నరసింహన్న వైరు ముట్టలేదు. అంగడిలో కూర్చుని లెక్కలు చూస్తాడు. వచ్చినవాళ్ళందరికీ, "నా చెయ్యి వణకబట్టే కదప్పా ఆ పిల్లోళ్ళ పాట ఇనింది" అని చెప్పి మురిసిపోతాడు. ఆయన మురిపెం చూస్తే నాకూ సంతోషమే. నిజం చెబితే ఆ సంతోషం పోతుందనే ఊరుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నా పరువు పోతుందని ఊరుకున్నాను.

ఆయనకు ఎప్పుడు చెబుతానో తెలియదు. మిమ్మల్ని క్షమించమనీ అడగను. మీకు చెప్పినందుకే గుండె తేలికైంది. ఆ వైరు ఊడలేదు. నరసింహన్న చెయ్యి ఏనాడూ వణకలేదు.